పాండాస్ మార్చేముందు తేదీలు చూసుకో

చిరంజీవి మేనల్లుడికి, శ్రీకాకుళం నుంచి మావయ్య ఆశీస్సులు.

పలాస జీడిపప్పు వ్యాపారుల లెక్కల ప్రోగ్రాములో పాండాస్‌ను (పైథాన్‌లో పట్టికల లెక్కలు చేసే లైబ్రరీ) 1.5.3 నుంచి 2.2కి మారుద్దామనుకుంటున్నావని రాశావు. మార్చాల్సిందే. పైథాన్ 3.12కి 1.5.3 వీల్ ఫైళ్లు, అంటే నేరుగా ఎక్కించుకునే రెడీమేడ్ ప్యాకేజీలు, లేవు, సర్వర్ మార్చిన రోజున ఇరుక్కుంటావు. అయితే పిప్‌తో (లైబ్రరీలు ఎక్కించే సాధనం) అప్‌గ్రేడ్ కొట్టేసి, ఎర్రర్ రాలేదు కదా అని ఎక్కించేయకు నాన్నా. ఎర్రర్ వస్తే నయమే, ఎక్కడ తేడా కొట్టిందో చెబుతుంది. ఎర్రర్ రాకుండా అంకె మారిపోతేనే కొంప మునుగుతుంది.

ముందు గిట్‌లో (కోడ్ మార్పులు దాచే చోటు) వేరే బ్రాంచి తియ్యి. పాత ఎన్విరాన్‌మెంట్ జోలికి పోకుండా పక్కన కొత్త వెన్వ్ (విడి పైథాన్ ఎన్విరాన్‌మెంట్) చేసుకో. పాతదాంట్లో పిప్ ఫ్రీజ్ కొట్టి, వచ్చిన లైబ్రరీ వెర్షన్ల జాబితాను ఫైలుగా దాచి గిట్‌లో పెట్టు. వెనక్కి రావాలంటే అదే దారి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ప్రతి లైబ్రరీకీ రెండు ఈక్వల్ గుర్తులతో కచ్చితమైన వెర్షన్ రాయి. పాండాస్ ఆధారపడే నమ్‌పై లైబ్రరీకి కూడా. దాన్ని వదిలేస్తే పిప్ నమ్‌పై 2ను లాక్కొస్తుంది, పాండాస్ పాతదైతే ఇంపోర్ట్ దగ్గరే 'నమ్‌పై డీటైప్ సైజ్ ఛేంజ్డ్' అని ఆగిపోతుంది. నమ్‌పై 2తో కుదిరిన మొదటి పాండాస్ 2.2.2. ఈ విడతకి నమ్‌పైను 1.26 దగ్గరే ఉంచు. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తేలదు.

తర్వాత 1.5.3 మీదే ఉండి, ఫ్యూచర్‌వార్నింగ్‌లన్నీ (ముందుముందు మారబోయేవాటి హెచ్చరికలు) ఎర్రర్లుగా తీసుకునేలా పైటెస్ట్‌తో టెస్టులు నడిపించు. 2.0లో తీసేసిన వాటిలో చాలామటుకు అక్కడే బయటపడతాయి. డేటాఫ్రేమ్‌కి (పాండాస్ పట్టిక) వరుసలు కలిపే అపెండ్ పోయింది, దాని బదులు కాంకాట్ వాడాలి. లూప్‌లో ఒక్కో వరుసా కలుపుతున్న చోట ఊరికే పేరు మార్చి ఊరుకోకు, వరుసలన్నీ లిస్టులో పోగేసి చివర్లో ఒక్కసారి కాంకాట్ చెయ్యి. గ్రూప్‌బైతో గుంపులు కట్టి సమ్ (మొత్తం) తీసే చోట అంకెల కాలమ్‌లు పేరుపెట్టి ఎంచుకో. ఇదివరకు వ్యాపారి పేరులాంటి మాటల కాలమ్‌ను పాండాస్ తనంతట తనే పక్కన పెట్టేది. 2.0 నుంచి సమ్ అడిగితే ఆ పేర్లన్నీ అతికించి ఒక పొడుగాటి దండ ఇస్తుంది, మీన్ (సగటు) అడిగితే ఎర్రర్ కొడుతుంది.

ఇక తేదీల సంగతి. ఇది తీరిగ్గా చదువు, ఎందుకంటే దీనికి ఫ్యూచర్‌వార్నింగ్ రాదు, మామూలు యూజర్‌వార్నింగే వస్తుంది. పై వడపోతలో అది దొరకదు.

మన వ్యాపారులు 05-04-2024 అంటే ఏప్రిల్ 5. ఏ ఫార్మాటో చెప్పకపోతే పాండాస్ ముందు నెల, తర్వాత రోజు అనుకుని మే 4 అని చదువుతుంది. 13-04-2024 దగ్గరకొచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి 1.5.3 దాన్ని మాత్రం సరిగ్గా ఏప్రిల్ 13 అనుకునేది. అంటే ఏ నెల చూసినా 1 నుంచి 12 దాకా తేదీలు (రోజు, నెల ఒకే అంకె అయినది తప్ప) తారుమారు, 13 నుంచి సరి. 2.0 అలా కాదు. మొదటి తేదీని చూసి ఫార్మాట్ ఊహించి, కాలమ్ మొత్తానికీ అదే పట్టిస్తుంది. ఫైలు 05తో మొదలైతే 13 రాగానే వాల్యూఎర్రర్. 20తో మొదలైతే అన్నీ సరిగ్గా చదువుతుంది. నెల మొదటి వారం ఫైలు ఒక్కటే ఇస్తే దాదాపు అన్నీ తప్పే, ఎర్రర్ మాత్రం ఉండదు. రీడ్ సీఎస్‌వీలో పార్స్ డేట్స్ (తేదీలుగా మార్చమనే ఆప్షన్) పెట్టినచోట ఇంకో చిక్కుంది. కుదరకపోతే ఆగదు, కాలమ్‌ను మాటలుగానే వదిలేస్తుంది. చదివిన వెంటనే డీటైప్ (కాలమ్ రకం) చూడు, ఆబ్జెక్ట్ అని వస్తే తేదీలు మారలేదన్నమాట.

మందు ఒక్కటే. తేదీ చదివే ప్రతిచోటా రోజు, నెల, నాలుగంకెల ఏడాది వరుసలో ఫార్మాట్ నువ్వే రాసివ్వు. డేఫస్ట్ (రోజు ముందు అనే సూచన) ఒక్కటీ పెడితే చాలదు, అది గట్టి నియమం కాదు.

టెస్టులన్నీ పాసయ్యాక, పూర్తయిన ఒక నెల డేటాను పాత వెన్వ్‌లోనూ కొత్తదాంట్లోనూ నడిపించి రెండు రిపోర్టులూ సీఎస్‌వీగా తీసి డిఫ్ కొట్టి పోల్చు. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 జీడిపప్పు గ్రేడుల వారీ మొత్తాలు, బస్తాల లెక్క, నెలవారీ అమ్మకం పైసాతో సహా కలవాలి. కలవని ప్రతి వరుసకీ కారణం పట్టు. వదిలెయ్యకు.

సర్వర్‌కి ఎక్కించడం సోమవారమో మంగళవారమో పొద్దున్నే పెట్టుకో. జీడి పిక్కల కొనుగోలు జోరుగా ఉన్న రోజుల్లో, నెలాఖరులో వద్దు. పాత వెన్వ్‌ను ఒక నెలాఖరు లెక్క ముగిసేదాకా చెరపకు.

తేదీలకు ఫార్మాట్ ఇచ్చాక పాత నెలల మొత్తాలు మారితే కొత్త వెర్షన్ మీద అనుమానపడకు. తప్పు ఇన్నాళ్లూ పాత రిపోర్టుల్లో ఉన్నట్టే. ఏయే నెలలో ఎంత తేడానో పట్టిక వేసి, జీఎస్టీ రిటర్నుకి ఆ అంకెలు వాడారేమో ముందు వాళ్ల ఆడిటర్‌ని అడుగు. షావుకార్లకి నువ్వే వెళ్లి చెప్పు, ఫోన్లో కాదు.

నీ మావయ్య