పక్క షాపామెతో దోస్తీ ఎంతవరకు?

ప్రశ్న: సార్, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరేళ్లుగా బ్లౌజులు కుట్టే షాపు నడుపుతున్నాను, మగ్గం వర్కు కూడా చేయిస్తాను. రెండేళ్ల కిందట నాలుగు మడిగెల అవతల ఇంకొకామె ఇదే పని మొదలుపెట్టింది. బోర్డు నాదానికంటే పెద్దది పెట్టింది, చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఒకరోజు కరెంటు పోయి ఇద్దరం బయట నిలబడ్డాం, మాటలు కలిశాయి, ఇప్పుడు టీ చెప్తే రెండు చెప్తాం. మావారు, అత్తగారు మాత్రం ఒకటే గోల, 'కాంపిటీషన్ ఆమెతో దోస్తీ ఏంది, నీ గుట్టంతా లాగేస్తది' అని. మొన్న శ్రావణంలో పని ఎక్కువై పన్నెండు మంది జాకెట్లు ఆమెకిచ్చాను. అందులో ఇద్దరు కస్టమర్లు ఆ తర్వాత నేరుగా ఆమె దగ్గరికే పోతున్నారు. తప్పు ఆమెదా, నాదా? స్నేహం తగ్గించుకోవాలా?
(ఒక సోదరి)

జవాబు: అమ్మా, ముందు ఆ ఇద్దరి సంగతి తేల్చుకుందాం. పన్నెండు మందిలో ఇద్దరు పోయారంటే పదిమంది మిగిలారు. ఆ పన్నెండూ మీ దగ్గరే పెట్టుకుని, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు సాయంత్రం కస్టమర్ వచ్చి నిలబడితే 'ఇంకా హుక్కులు కుట్టలేదమ్మా, రేపు రండి' అని ఉంటే ఎంతమంది మిగిలేవారో మీకే తెలుసు.

మీరు రాయని విషయం ఒకటుంది. కస్టమర్లనే ఆమె షాపుకి పంపారా, లేక బట్టలు మీరు తీసుకుని కుట్టుపని ఆమెతో చేయించారా? పంపి ఉంటే వాళ్లు ఇక ఆమె కస్టమర్లే, దానికి బాధపడి లాభం లేదు, ఆమెకు నచ్చజెప్పాల్సిందీ లేదు. పని మాత్రమే ఇచ్చి ఉంటే కొలతలు మీ షాపులోనే తీసుకోవాలి, ఆది జాకెట్టు మీ దగ్గరే ఉండాలి, తొడిగి చూడటం, లూజు బిగించడం, డబ్బులు తీసుకోవడం అన్నీ మీ దగ్గరే జరగాలి, కవరు మీద మీ షాపు పేరే ఉండాలి. ఆమెకి కుట్టుకూలి ఎంత, మీకు మిగిలేదెంత అన్నది బట్ట చేతికివ్వక ముందే చెప్పుకోవాలి. స్నేహంలో డబ్బులు అడగడానికి మొహమాటపడి, తర్వాత ఆర్నెల్లు లోపల లోపల కుళ్లిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

ఇక గుట్టు. మీవారిని నవ్వుతూనే అడగండి, మన దగ్గర ఏం గుట్టుందని? రేటు ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ చెప్తారు. డిజైన్లు మీరే ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. లైనింగు గుడ్డ, జరీ, పూసలు ఎక్కడ కొంటారని దాచినా వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. నన్నడిగితే దాచడం మానేసి ఇద్దరూ కలిసి బేగంబజారుకో జనరల్ బజారుకో వెళ్లి లైనింగు తానులు ఒకేసారి కొనండి, ఆటో ఖర్చు సగమవుతుంది, రేటు దగ్గర కూడా గట్టిగా బేరమాడొచ్చు. నిజంగా దాచాల్సింది ఒక్కటే, కస్టమర్ల పుస్తకం. ఎవరి నంబరు ఏది, ఎవరు ఎంత బాకీ, ఎవరి నడుము కొలత ఎంత, ఏ ఇంట్లో పెళ్లి ఆగిపోయి బ్లౌజులు తీసుకెళ్లలేదు, ఇవి టీ గ్లాసుల మధ్య మాట్లాడుకునే విషయాలు కావు.

నా సంగతి చెప్తాను. చిక్కడపల్లిలో సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో ఇరవై రెండేళ్లు జిరాక్సు షాపు నడిపాను. గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే పిల్లలు నోట్సులు పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి లైను కట్టేవారు. సరిగ్గా అలాంటి రోజునే మా మిషన్ డ్రమ్ము పోయింది. ఎదురు షాపాయన, అంతకు ముందు ఏడాది పేజీకి పావలా తగ్గించి నన్ను ఏడిపించినాయనే, తన రెండో మిషన్ సాయంత్రం దాకా నాకు వదిలేశాడు. పేపరు నాది, మిషన్ ఆయనది, కౌంటర్ రీడింగు రాసుకుని రాత్రి లెక్క తేల్చుకున్నాం. ఎందుకింత మంచితనం అని అడిగాను. 'మంచితనం ఏం లేదు, నీ దగ్గర పని కాకపోతే వీళ్లలో సగం మంది నారాయణగూడ పోతారు, ఒకసారి అక్కడ అలవాటైతే మళ్లీ ఈ గల్లీకి రారు' అన్నాడు. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. జనం మన బోర్డు చూసి వచ్చేది తక్కువ, వీధి పేరు చూసి వచ్చేదే ఎక్కువ.

మన ఊరి బజార్లు నడిచేదే అలా కదా. పెళ్లికార్డులంటే ఛత్తాబజార్, గాజులంటే లాడ్‌బజార్, కరెంటు సామాను, నల్లాలు అంటే ట్రూప్‌బజార్. అక్కడ షాపులో మీరడిగిన స్విచ్చు లేకపోతే 'లేదు' అనరు, 'రెండు నిమిషాలు కూర్చోండి' అని కుర్రాణ్ణి పంపుతారు, వాడు పక్క షాపులోంచి తెస్తాడు, రాత్రి లెక్క వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. హైదరాబాద్ హలీమ్‌కి 2010లో జీఐ ట్యాగ్, అంటే ఈ సరుకు ఫలానా ఊరిదే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చిందని విన్నారు కదా. దాన్ని తెచ్చింది హలీమ్ తయారుచేసేవాళ్ల సంఘం, అంటే రంజాన్ నెలంతా ఒకరి గిరాకీ ఒకరు లాక్కునేవాళ్లే. మన లక్క గాజులకు 2024లో వచ్చింది. ఈ గుర్తింపు ఒక్క షాపువాడు తన కోసం వెళ్లి అడిగితే ఇవ్వరు, సంఘంగానో సంస్థగానో పోవాలి.

అయితే మీ స్నేహం తెగిపోయే చోటు ఒకటుంది, అది కస్టమర్ కాదు, మాస్టర్. మగ్గం పనిచేసే అబ్బాయి మీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, సీజన్ నడిమధ్యలో ఆమె దగ్గర కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది దోస్తీ ఎంత గట్టిదో. ఇప్పుడే ఒక మాట అనుకోండి: ఎవరి మనిషి ఎవరి దగ్గరికి వచ్చినా ముందు ఒక ఫోన్, అడ్వాన్సు బాకీ ఉందా అని అడగడం. అంతవరకే. వీడికి ఇంతకు మించి ఇవ్వొద్దని మీరిద్దరూ కలిసి అనుకుంటే మాత్రం నేను మీవైపు ఉండను, అది అతని పొట్టకొట్టడం. ఎక్కడ కూర్చుని కుట్టాలో అతనిష్టం.

మీ అత్తగారికి ఆమెను ఒకసారి పరిచయం చేయండి. సగం గోల అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న: మాది వనస్థలిపురంలో కర్రీ పాయింట్. మా రోడ్డు మీద ఐదున్నాయి, అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. వచ్చే నెల నుంచి అందరం ఒకే రేటు పెడదాం, ఎవరూ తగ్గించొద్దు అంటున్నారు. నేనొక్కణ్ణే ఒప్పుకోలేదు, ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. ఒకే వ్యాపారం చేసేవాళ్లు కలిసి కూర్చుని ధర ఖాయం చేసుకోవడాన్ని 2002 కాంపిటీషన్ చట్టం ఒప్పుకోదు, దానివల్ల మార్కెట్‌కి నష్టమనే ముందుగా అనుకుంటుంది. ఐదు కర్రీ పాయింట్ల పప్పుచారు కోసం ఢిల్లీ నుంచి కాంపిటీషన్ కమిషన్ దిగుతుందని నేననను. కానీ గ్రూపులో రాసిన మెసేజ్ అలాగే ఉంటుంది, రేపు మీలో మీకే గొడవైతే బయటికి తీసేది మొదట దాన్నే. ఉల్లి, నూనె ధర పెరిగిందని ఎవరికి వాళ్లు రేటు పెంచుకుంటే అది వేరు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

గ్రూపులోంచి మాత్రం బయటికి రాకండి. మధ్యాహ్నం పన్నెండుకి కమర్షియల్ సిలిండర్ అయిపోతే పరిగెత్తేది వాళ్ల దగ్గరికే. ఎవరు ఏ రోజు సెలవు పెడుతున్నారు, ముందున్న డ్రైనేజీ పొంగితే ఎవరు ఫిర్యాదు చేయాలి, ఏ కూరగాయలాయన తూకంలో మోసం చేస్తున్నాడు, ఇవన్నీ మాట్లాడుకోండి. రేటు మాట రాగానే 'నాకు లెక్క కుదరదన్నా, నా రేటు నేను చూసుకుంటా' అని ఒక్క ముక్క రాసి ఊరుకోండి. మళ్లీ మాట్లాడతారు, పెరుగు ప్యాకెట్లు తక్కువైన రోజు తప్పకుండా మాట్లాడతారు.

ప్రశ్న: సెల్‌ఫోన్ రిపేరు షాపు నాది. పక్కన అదే పనిచేసే మిత్రుడు డిస్‌ప్లేలు, బ్యాటరీలు నా దగ్గర తీసుకెళ్లి తర్వాత ఇస్తుంటాడు, అది పర్లేదు. ఇప్పుడు 40 వేలు చేబదులు అడిగాడు, క్యాష్‌గా కావాలట. ఇవ్వాలా?

జవాబు: సామాను తీసుకెళ్లి తిరిగిచ్చే మనిషి డబ్బు కూడా ఇస్తాడన్న గ్యారంటీ లేదు, ఆ రెండూ వేరు. పోతే పోనీ అనుకోగలిగినంతే ఇవ్వండి. క్యాష్‌గా మాత్రం వద్దు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదు, తీసుకున్నాయనకి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. తిరిగిచ్చేటప్పుడూ అంతే, నగదు పనికిరాదు. ఫోన్‌లోంచే ఖాతాకి పంపండి, రెండువైపులా రుజువుంటుంది. వద్దు, క్యాషే కావాలని పట్టుబడితే ఎందుకో అడగండి, ఆ జవాబులోనే మీకు కావాల్సింది తెలుస్తుంది.

ప్రశ్న: మా ఎదురుగా మాలాంటి షాపే పెడుతూ ఓపెనింగ్‌కి మమ్మల్నే పిలిచారు. పోవాలా, మానాలా?

జవాబు: పోండి, ఏదో ఒకటి కొనండి కూడా. నేనూ ఇలాగే ఒక ఓపెనింగ్‌కి పోయి, బోణీగా ఉంటుందని నా ఆధార్ కార్డు జిరాక్సు తీయించుకున్నాను. నా మిషన్‌లో కంటే నల్లగా, శుభ్రంగా వచ్చింది. స్వీటు తిని బయటికి రాగానే మా సర్వీసు అబ్బాయికి ఫోన్ చేశాను.