పాత ట్యూబ్ గిటార్ ఆంప్‌ని నేనే రిపేర్ చేసుకోవచ్చా?

న్యూజెర్సీలో ఒక గరాజ్ సేల్‌లో 1960ల నాటి ఫెండర్ చాంప్ అనే చిన్న ట్యూబ్ ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) కొన్నారు, ఆన్ చేస్తే గుంయ్‌మని హమ్ వస్తోంది, ఎలక్ట్రానిక్స్ చదువుకోని మీరు దాన్ని విప్పొచ్చా అని అడిగారు. విప్పొచ్చు. నేనూ చదువుకోలేదు, అదే చాంప్ మీద నేర్చుకున్నాను. అందులో మూడే ట్యూబులు: గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ ట్యూబు 6వీ6, ఏసీని డీసీగా మార్చే 5వై3 రెక్టిఫయర్. సర్క్యూట్ చిన్నది కాబట్టి కాగితం మీద గీసుకుని మొత్తం అర్థం చేసుకోవచ్చు.

అయితే నాకు తగిలిన షాక్ గురించి ముందు చెప్పాలి. ఆ రోజు 12ఏఎక్స్7, 6వీ6 రెండూ తీసేసి, రెక్టిఫయర్ ఒక్కటే ఉంచి వోల్టేజ్ చూశాను. ట్యూబులు లేవు కాబట్టి ప్రమాదం తక్కువ అనుకున్నాను. నిజానికి అది తలకిందులు ఆలోచన. కెపాసిటర్లలో, అంటే కరెంటును నిల్వ ఉంచే భాగాల్లో, మిగిలినదాన్ని మామూలుగా తాగేసేది ఆ ట్యూబులే. అవి లేకపోతే ప్లగ్గు పీకేసినా మూడు వందల పైచిలుకు వోల్టులు అలాగే ఉండిపోతాయి. పది నిమిషాల తర్వాత లోపల చెయ్యి పెట్టాను. భుజం దాకా కొట్టింది. రెండో చెయ్యి చాసీ (ఆంప్ లోపలి లోహపు చట్రం) మీద ఉండి ఉంటే కరెంటు గుండె మీదుగా వెళ్లేది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ప్లగ్గు గోడలోంచి తీసి కళ్ల ముందు పెట్టుకుంటాను. 10 కిలో ఓమ్స్, 5 వాట్స్ రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్ వైర్లు కట్టి, ఒక కొన చాసీకి, ఇంకో కొన ఫిల్టర్ కెపాసిటర్ (రెక్టిఫయర్ తర్వాత కరెంటును చదును చేసేది) ప్లస్‌కి ఒంటిచేత్తో తగిలిస్తాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయను. తర్వాత ప్రతి కెపాసిటర్ మీదా మీటర్ పెట్టి చూస్తాను. మీటర్ సున్నా చూపించినా వెంటనే నమ్మను, ఒక బ్యాటరీ మీద పెట్టి అది పనిచేస్తోందో లేదో చూస్తాను. బ్యాటరీ అయిపోయిన మీటర్ కూడా సున్నాలాంటి అంకే చూపించొచ్చు. మీటర్ 600 వోల్టులు, అంతకు పైన తట్టుకునేదై ఉండాలి.

మీ ఆంప్‌కి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటే దాన్ని అసలు ఆన్ చేయకండి. ఆ కాలపు చాలా ఆంపుల్లో మెయిన్స్ లైన్‌కీ చాసీకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉండేది. అది షార్ట్ అయితే గిటార్ తీగలకే కరెంటు వస్తుంది. దాన్ని తీసేసి మూడు పిన్నుల కార్డ్ వేయాలి, ఎర్త్ వైర్‌ని చాసీకి విడిగా బోల్టుతో బిగించాలి. ఈ ఒక్క పనీ టెక్నీషియన్‌తో చేయించి, పక్కన నిలబడి చూడండి. నేను అలాగే చేశాను.

ఇక హమ్ సంగతి. దానికి మీ గిటారే పరికరం. అమెరికాలో మెయిన్స్ 60 హెర్ట్జ్, రెక్టిఫయర్ దాటాక అది 120 అవుతుంది. ఐదో తీగ, అంటే ఏ తీగ మీద, మొదటి ఫ్రెట్ దాదాపు 117, రెండో ఫ్రెట్ 123 హెర్ట్జ్. మీ హమ్ ఈ రెంటి మధ్య పలికితే ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించండి. దానికి ఒక స్థాయి కిందా, లావుగా, గిటార్ ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) కన్నా లోతుగా ఉంటే హీటర్ (ట్యూబుని వేడెక్కించే తీగ) వైరింగో, గ్రౌండ్ కనెక్షనో చూడండి. (హైదరాబాద్‌లో మెయిన్స్ 50 కాబట్టి 100 హెర్ట్జ్ కోసం ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర వెతకాలి.) ఆంప్ ఆపి, చల్లారాక 12ఏఎక్స్7 తీసి మళ్లీ ఆన్ చేయండి. హమ్ అలాగే ఉంటే తప్పు పవర్ సప్లైలోనో, అవుట్‌పుట్ దగ్గరో ఉంది. చాంప్‌లో అవుట్‌పుట్ ట్యూబు ఒకటే కాబట్టి కొంచెం హమ్ సహజం, దాని కోసం భాగాలన్నీ మార్చేయకండి.

6వీ6 లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయండి. నాకు ఒకసారి అలా అయితే ట్యూబు పోయిందనుకుని కొత్తది కొన్నాను, అదీ ఎర్రబడింది. అసలు దొంగ 12ఏఎక్స్7 నుంచి 6వీ6కి సిగ్నల్ పంపే కప్లింగ్ కెపాసిటర్. 6వీ6 ఐదో పిన్ను మీద దాదాపు సున్నా ఉండాల్సింది, ప్లస్‌లో కొన్ని వోల్టులు చూపిస్తే అది లీక్ అవుతున్నట్టే.

స్పీకర్ కనెక్ట్ చేయకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రిపేర్ తర్వాత మొదటిసారి ఆన్ చేసేటప్పుడు లైనుకి సిరీస్‌లో పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టుకోండి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉంది. బల్బు ఆంప్‌ని కాపాడుతుంది కానీ మిమ్మల్ని షాక్ నుంచి కాపాడదు.

కార్డ్ మార్పించాక, హమ్ ఏ ఫ్రెట్ దగ్గర పలికిందో, ట్యూబు తీస్తే ఏమైందో ఇక్కడ రాయండి. ఆ రెండూ తెలిస్తే తర్వాత ఏ వోల్టేజ్ కొలవాలో చెబుతాను.