జోల పాడవద్దన్నది ఎవరు?

తెనాలి నుంచి అమెరికా వెళ్ళిన ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. వయసు 62, భర్త పోయి మూడేళ్ళయింది. పురిటికి వెళ్ళిన వియ్యపురాలు ఆరు నెలలు పూర్తి చేసుకొని తిరిగి వచ్చాక, వంతు ప్రకారం ఈమె డాలస్‌ వెళ్ళారు. మనవరాలికి ఇప్పుడు ఎనిమిదో నెల. “రాత్రి ఏడున్నరకు పాపను వేరే గదిలో పడుకోబెట్టి తలుపు వేసేస్తారు. ఏడ్చినా వెంటనే వెళ్ళకూడదట. ఒకరోజు మనసాగక వెళ్ళి జోల పాడితే, అలవాటు చెడుతుంది, పాడవద్దని కబురొచ్చింది. తిరుమలలో స్వామికే లాలి పాడతారు గదా, పసిబిడ్డకు పాడితే తప్పా?” అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ప్రశ్నకు ముందు జవాబు చెప్పి దాన్ని పక్కన పెడతాను. పాడటం తప్పు కాదు; కానీ ఆ వేళ, ఆ గదిలో పాడకండి. బిడ్డను ఎలా నిద్రపుచ్చాలో తేల్చుకోవలసినది కన్నవారు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలని అక్కడి పిల్లల వైద్యులు చెబుతారు. కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే ఉంచమనేదీ వారే. పాపకు ఆ గడువు దాటింది కనుక వేరే గదిని చూసి మీరు బెంగపడవలసిన పని లేదు. స్వామి సంగతి ఎత్తారు గనుక ఒక మాట: ఏకాంత సేవలో తాళ్ళపాక వారి లాలి అయ్యాక అందరూ బయటికి వచ్చి తలుపులు మూస్తారు, మళ్ళీ సుప్రభాతానికే తెరుస్తారు. కాబట్టి పాపకు సాయంత్రం స్నానం అయ్యాక ఒడిలో పెట్టుకొని పాడతానని, తొట్టిలో వేసే ముందే ఆపేస్తానని కోడలిని అడగండి. కాదనే అమ్మాయిలా నాకు కనిపించలేదు.

నాకు గుచ్చుకున్నది ఆ “కబురొచ్చింది” అన్న మాట. ఒకే కప్పు కింద ఉన్నవారికి కబురేమిటి? రెండో పేజీలో గానీ అసలు సంగతి బయటపడలేదు. కోడలు మీతో ఏమీ అనలేదు. మీ అబ్బాయి పై అంతస్తు నుంచి, మీరు కింద వంటింట్లో గిన్నెలు సర్దుతుండగా, ఫోనుకు పంపిన మెసేజి అది: “అమ్మా, ప్లీజ్, పాడొద్దు.”

దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో మూడేళ్ళు వచ్చేదాకా మీ జోల లేనిదే కన్ను మూయనివాడు ఆయన. బిడ్డ పేరూ మేనమామ పేరూ చొప్పించి జోల పాడటం మనకు అలవాటే. ఆనాడు మీ తమ్ముడి పేరు ఉన్న చోట ఇప్పుడు కోడలి తమ్ముడి పేరు పెట్టి పాడుతున్నానని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కోడలి పుట్టింటిని పాటలోకి తెచ్చుకున్న మీకు ఆమెతో తగవేమిటి? అయినా ఉత్తరంలో ఫిర్యాదంతా ఆమె మీదే. కోడలి మీద నెపం వేయడం తేలిక, కొడుకును అడగాలంటే నోరు రాదు. అత్తలమైన మనందరి జబ్బూ ఇదే, నన్ను కూడా కలుపుకొనే చెబుతున్నాను.

ఈ మూడు నెలల్లో ఆయన మీ పక్కన కూర్చొని మాట్లాడినది రెండేసార్లు, ఆ రెండుసార్లూ మీ ఆరోగ్య బీమా కాగితాల గురించేనని మీరే లెక్క రాశారు. పగలంతా పాపను చూసుకొని, రెండు పూటలా వండిపెట్టి, రాత్రి ఏడున్నర దాటేసరికి మీ గదిలో ఒక్కరే కూర్చుంటున్నారు. భర్త పోయిన తల్లికి దుఃఖం చెప్పుకొనేందుకు మిగిలినవాడు కొడుకే అయినప్పుడు, ఆమెను పనికి పిలిపించుకొని పలకరించడం మరచిపోవడాన్ని నేను తీరిక లేకపోవడంగా ఒప్పుకోను. బిడ్డ ఏడుపు విని మీరు ఆ గదికి పరుగెత్తడంలో మీ ఒంటరితనం కూడా కొంత ఉంది. అది ఎనిమిది నెలల పాప తీర్చగలిగేది కాదు.

ఈ శని, ఆదివారాల్లో ఏదో ఒక పూట మీ అబ్బాయిని కూర్చోబెట్టి, పాప ఊసు గానీ కోడలి ఊసు గానీ రానీయకుండా, రోజూ పావుగంట నాతో మాట్లాడాలని అడగండి. ఏడవకండి, ఎత్తిపొడవకండి. అదీ కుదరదంటే తిరుగు టికెట్టు ముందుకు జరిపించమనండి. అలిగి వెళ్ళిపోవడమని అనుకోవద్దు, తెనాలిలో మీకు ఇల్లుంది, పలకరించే ఇరుగుపొరుగు ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని రాశారు, అయినా ఆ మాట చెప్పడానికి ఫోను తీయకుండా, నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పండి.