ఆగితే వేడి, నడిస్తే చల్లన: పాత కారు ఏసీ

ప్రశ్న: అన్నా, మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. షార్జా వచ్చి ఏడాది కాలేదు. డ్యూటీకి వెళ్లి రావడానికి పాత కారు కొన్నాను. దారిలో ఏసీ బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వస్తుంది. గ్యారేజీలో గ్యాస్ నింపారు. నెల తిరగకుండానే మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు కంప్రెసర్ మార్చాలంటున్నారు. మార్చమంటారా?

జవాబు: తమ్ముడూ, గ్యాస్‌ను ఒత్తి గొట్టాల్లో తిప్పే ఆ కంప్రెసర్‌ను ఇప్పుడే మార్చవద్దు. ఆగితే వేడి, నడిస్తే చల్లన అన్నావు చూడు, అది చాలా పనికొచ్చే మాట. గ్యారేజీలో కూడా ముందు అదే చెప్పు.

రేడియేటర్‌కు ముందు సన్నటి రెక్కలతో ఒక పలక ఉంటుంది. అదే కండెన్సర్. కారు లోపలి వేడిని గ్యాస్ మోసుకొచ్చి అక్కడ వదులుతుంది. బండి కదులుతుంటే ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యానుది. బండిని పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి చూడు. ఫ్యాను ఏ క్షణంలోనైనా తిరగడం మొదలవుతుంది కాబట్టి చేతులు దూరంగా ఉంచు. ఎంతసేపటికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్), ఫ్యాను మోటారు వరుసగా చూపించు. వీటి ఖర్చు కంప్రెసర్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

ఫ్యాను తిరుగుతూనే ఉంటే మరో పరీక్ష. బండి ఆగి, ఏసీ నడుస్తుండగా ముందువైపు నుంచి కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు పోయించు. లోపల గాలి చల్లబడిందంటే అక్కడ వేడి సరిగా దిగడం లేదన్నమాట. ఫ్యాను నీరసంగా తిరుగుతూ ఉండొచ్చు, లేదా రెక్కల మధ్య ఇసుక, పురుగులు నిండి ఉండొచ్చు. ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో కడిగించు. ప్రెషర్ పంపుతో దగ్గర నుంచి కొడితే ఆ రెక్కలు వంగిపోతాయి.

గ్యాస్ తక్కువైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. నీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పాత బండిలో సీళ్ల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే కానీ, నెలలో పోయిందంటే లీకు ఉంది. లీకు వెతకకుండా గ్యాస్ నింపినవాడు నీ డబ్బును గాలికి వదిలాడు. ఇంటికి పంపాల్సిన డబ్బు అది, నాకు కోపం రావడం అందుకే.

గ్యాస్‌తో పాటు నూనె కూడా తిరుగుతుంది కాబట్టి లీకయ్యే చోట జిడ్డు, దాని మీద దుమ్ము పట్టి కనిపిస్తాయి. కనబడకపోతే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూస్తారు, లేదా నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూస్తారు. లీకు బాగుచేశాక తేమను పీల్చుకునే డ్రయర్ మార్చాలి, గొట్టాల్లోని గాలిని, తేమను లాగేసే వ్యాక్యూమ్ పంపును కనీసం అరగంట నడపాలి. లోపల తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై భాగాలను తినేస్తుంది. ఆ తరువాతే గ్యాస్. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. పాత కార్లలో ఎక్కువగా ఆర్-134ఏ. తూకం వేసి అంతే నింపించు. "ఇంకొంచెం పట్టు భాయ్" అని మాత్రం అనకు. ఎక్కువైతే ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఇక కంప్రెసర్ సంగతి. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ దాన్ని నడవనివ్వదు. నూనె అందక పాడవకూడదని అలా ఏర్పాటు చేశారు. నడవడం లేదు కాబట్టి చెడిపోయిందని కొందరు మెకానిక్కులు తేల్చేస్తారు. నిజంగానే అరిగిపోయి నూనెలో లోహపు పొడి వస్తుంటే మార్చక తప్పదు. కానీ అప్పుడు గొట్టాలు కడిగించి, డ్రయర్, వీలైతే కండెన్సర్ కూడా మార్చాలి. లేదంటే ఆ పొడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

ఒకటి గుర్తుంచుకో. మెట్‌పల్లి మే నెల ఎండ పొడి ఎండ. షార్జా ఆగస్టులో సముద్రపు తేమ తోడవుతుంది. ఏసీ గాలిని చల్లబరుస్తూనే తేమను నీరుగా పిండాలి. బండి కింద నీళ్లు కారుతుంటే కంగారు పడకు, అది మంచి లక్షణం. కింద కారకుండా లోపల మ్యాట్ తడుస్తుంటే నీటి పైపు మూసుకుపోయినట్టు. ఎక్కగానే అద్దాలు దించి కాసేపు నడిపి, వేడి బయటికి పోయాక లోపలి గాలే తిరిగే మీట నొక్కు. గ్లవ్ బాక్స్ వెనుక ఫిల్టరు ఉంటే ఇసుక సీజన్ తరువాత మార్చు.

లీకు ఎక్కడుందో కళ్లతో చూశాకే పనికి ఒప్పుకో. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకో. బిల్లు మీద ఎన్ని గ్రాములు నింపారో రాయించు. వచ్చే వేసవిలో గ్యాస్ తీసి తూచితే, ఎంత తగ్గిందో ఆ కాగితం చూసి లెక్క వేసుకోవచ్చు.