డేగానా గుట్టలో టంగ్‌స్టన్ ఎలా చేరింది? ఆ గని ఎందుకు మూతపడింది?

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్‌పై ఉక్కును చెక్కే కార్బైడ్ టిప్పును ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. గోరంత ముక్క, అయినా బరువు తెలుస్తుంది. అందులోని ప్రధాన లోహం టంగ్‌స్టన్. మన దేశంలో దాన్ని తవ్వి తీసిన అతి కొద్ది చోట్లలో థార్ ఎడారి అంచున, రాజస్థాన్‌లో ఉన్న డేగానా ఒకటి.

అక్కడ భూగర్భంలో గ్రానైట్ శిలాద్రవం చల్లబడుతున్నప్పుడు, మామూలు ఖనిజాల్లో ఇమడని టంగ్‌స్టన్, లిథియం, ఫ్లోరిన్ చివరికి మిగిలిన వేడి ద్రవాల్లో పోగయ్యాయి. ఆ ద్రవాలు రాతి పగుళ్లలోకి చొరబడి తెల్లని క్వార్ట్జ్ (పలుగురాయి) సిరలుగా గడ్డకట్టాయి. ఆ తెలుపులో నల్లగా నిగనిగలాడే పలకలే ఉల్ఫ్రమైట్, అంటే ఇనుము, మాంగనీస్ కలిసిన టంగ్‌స్టన్ ఖనిజం. ఇది క్వార్ట్జ్ కన్నా రెండున్నర రెట్లకు పైగా బరువు. అందుకే రాయిని నలగ్గొట్టి నీటిలో కడిగితే అడుగున నిలుస్తుంది. మన ఇళ్లలో బియ్యం గాలించి రాళ్లు వేరుచేసే పద్ధతే ఇది. ఎంత చక్కని సూత్రమో!

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టంగ్‌స్టన్ కలిపిన గట్టి ఉక్కు అవసరం పెరిగి ఇక్కడ తవ్వకాలు సాగాయి. కానీ సిరలు సన్నవి, ఖనిజం పలుచన. చైనా నుంచి చౌకగా సరుకు రావడంతో 1990లలో గని మూతపడింది.

మరి మన విజయవాడ ఇంద్రకీలాద్రిలోనూ టంగ్‌స్టన్ దొరుకుతుందా అని మీరు అడగవచ్చు. ఆ కొండ ప్రధానంగా ఖొండలైట్, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ రూపం మారిన శిల. డేగానా తరహా గ్రానైట్ కథ దానిది కాదు.