‘చక్కెర లేని’ కేక్ తిన్నా షుగర్ 218 ఎందుకైంది?

ప్రశ్న: నా వయసు 56. మధుమేహం వచ్చి 9 ఏళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మూడు నెలల కిందట డాపాగ్లిఫ్లోజిన్ కూడా మొదలుపెట్టారు. చివరిసారి ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.9 వచ్చింది. కేకులు, బ్రెడ్ ఇంట్లోనే చేసుకోవడం నాకు చాలా ఇష్టం, అది మానలేను. అందుకే లో-కార్బ్ పద్ధతిలో చేద్దామని 2 కప్పుల మైదాకు బదులు 2 కప్పుల కొబ్బరి పిండి, కప్పు చక్కెరకు బదులు కప్పు మాల్టిటాల్ అనే స్వీట్‌నర్ వేశాను. కలిపితే ఇసుకలా పొడిపొడిగా ఉంది. బాగా మాగిన అరటిపండ్లు 3 మెదిపి వేస్తే కుదిరింది. 12 ముక్కలయ్యాయి. తినకముందు షుగర్ 132. రెండు ముక్కలు తిన్న 2 గంటలకు 218. రాత్రంతా కడుపుబ్బరం, విరేచనాలు. చక్కెర వేయకపోయినా ఎందుకిలా అయింది? ఏ పిండి, ఏ తీపి వాడాలి? ఆరేళ్ల మనవరాలికి కూడా ఇదే కేక్ పెట్టొచ్చా? మా ఇంట్లో కుక్క కూడా ఉంది, ఎవరు ఏం తిన్నా వాటాకొస్తుంది!

జవాబు: మీ మీటర్ చెడిపోలేదమ్మా. చక్కెర డబ్బా మూత తీయకపోయినా, ఆ కేకులోకి పిండి పదార్థం (కార్బోహైడ్రేట్) మూడు దారుల్లో వచ్చింది. కొలతలన్నీ రాశారు కాబట్టి లెక్క కట్టడం తేలికైంది.

ముందుగా అరటిపండ్లు. ఓ మోస్తరు పండులో 27 గ్రాముల కార్బోహైడ్రేట్లుంటాయి. మూడింటికి 80 గ్రాములు. తర్వాత మాల్టిటాల్. ఇది షుగర్ ఆల్కహాల్ అనే జాతికి చెందింది. పేరులో ఆల్కహాల్ ఉందే తప్ప మత్తుతో సంబంధం లేదు. ఈ జాతిలో అన్నీ ఒకేలా ప్రవర్తించవు. మాల్టిటాల్‌లో కొంత భాగం చిన్నపేగులోనే విడిపోయి గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. చక్కెర గ్రాముకు 4 క్యాలరీలిస్తే ఇది 2.1 ఇస్తుంది. షుగర్ మీద దాని ప్రభావాన్ని కూడా చక్కెరలో సగంగా లెక్కేసుకోవడం క్షేమం. అంటే మీరు వేసిన కప్పు, సుమారు 200 గ్రాములు, దాదాపు 100 గ్రాముల చక్కెరతో సమానం. ఇక కొబ్బరి పిండి: పీచు తీసేయగా మిగిలేది తక్కువే అయినా, రెండు కప్పులు పోశారు కాబట్టి అదో 45, 50 గ్రాములు. మొత్తం 230కి అటూ ఇటూ. 12 ముక్కలకు పంచితే ముక్కకు 19. రెండు ముక్కలంటే 38 గ్రాములు, మామూలు బ్రెడ్ స్లైసులు రెండున్నర తిన్నట్టు. 218 రావడంలో వింతేమీ లేదు.

కడుపు సంగతి కూడా మాల్టిటాల్ పనే. అరగకుండా మిగిలినది పెద్దపేగుకు వెళ్లి నీటిని లాక్కుంటుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. మీ రెండు ముక్కల్లోనూ కలిపి 33 గ్రాముల మాల్టిటాల్ ఉంది. చాలామంది పేగులు అంత తట్టుకోలేవు. పైగా మీరు మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారు. దానికి కూడా విరేచనాలు చేసే గుణం ఉంది. ఇలాంటప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ‘మాత్ర పడట్లేదు’ అని మెట్‌ఫార్మిన్ మానేసి వస్తారు. మీరు ఆ పని చేయకండి.

వంటలో ఒక దినుసు స్థానంలో ఇంకొకటి వేసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అది గిన్నెలో ఏం పని చేసేది? ఒంట్లోకి వెళ్లి ఏం చేసేది? మీ అరటిపండ్లు మొదటిదానికి చక్కగా సరిపోయాయి, పిండి కుదిరింది. రెండోదానికే ఎదురు తిరిగాయి. తేనె, ఖర్జూరం వేసి ‘చక్కెర లేని కేక్’ అనడం కూడా ఇలాంటిదే. మైదా తీసేసి గోధుమపిండి వేస్తే పీచు పెరుగుతుంది, మంచిదే, కానీ కార్బోహైడ్రేట్ పెద్దగా తగ్గదు. బియ్యప్పిండి, బంగాళాదుంప పిండితో చేసిన గ్లూటెన్ (గోధుమలో ఉండే సాగే మాంసకృత్తు) లేని బ్రెడ్ అది పడనివారి కోసం. మధుమేహం ఉన్నవారికి దానివల్ల లాభం లేదు.

మైదా గిన్నెలో చేసే పని ప్రధానంగా గ్లూటెన్‌ది. నీళ్లు తగలగానే అది సాగే వలలా అల్లుకుని, లోపల పుట్టే గాలిని పట్టి ఉంచుతుంది. మైదాలోని స్టార్చ్ ఉడికి ఆ ఆకారాన్ని గట్టిపరుస్తుంది. కొబ్బరి పిండిలో ఈ రెండూ లేవు. ఉన్నది పీచు, అది నీటిని పీల్చేస్తుంది. అందుకే కప్పుకు కప్పు కొలత ఎప్పుడూ కుదరదు. కప్పు మైదా స్థానంలో పావు కప్పు నుంచి మూడో వంతు కప్పు కొబ్బరి పిండి చాలు. ప్రతి పావు కప్పుకీ ఓ గుడ్డు అదనంగా పడాలి. కలిపాక ఓ పది నిమిషాలు వదిలేసి అప్పుడు చూడండి, పిండి ఎంత బిగిసిందో తెలుస్తుంది.

కేకులకైతే నా ఓటు బాదం పిండికే. 100 గ్రాముల మైదాలో 76 గ్రాముల కార్బోహైడ్రేట్లుంటే బాదం పిండిలో 20, 22 ఉంటాయి, అందులోనూ సగం పీచే. కొలత కూడా మైదాతో సమానంగా వేసుకోవచ్చు. 200 గ్రాముల మైదా, 200 గ్రాముల చక్కెరతో చేసిన కేకును పది ముక్కలు చేస్తే ముక్కకు 35 గ్రాములు పడుతుంది. బాదం పిండి, ఎరిథ్రిటాల్ అనే స్వీట్‌నర్‌తో చేస్తే పిండి వంతు పీచుతో కలిపి 4 గ్రాముల దగ్గరే ఉంటుంది. అయితే బాదం పిండిలో సగం బరువు కొవ్వే. మైదా 100 గ్రాములకు 364 క్యాలరీలైతే ఇది 570 పైన. షుగర్ పెరగట్లేదు కదా అని నాలుగు ముక్కలు తింటే బరువు పెరుగుతుంది. ఆ నూనె వల్లే పైభాగం తొందరగా మాడుతుంది కూడా. ఓవెన్ వేడి 160 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గించి, రంగు రాగానే పైన ఫాయిల్ కప్పండి.

బ్రెడ్ అలా లొంగదు. బాదం పిండి ఒక్కదానితో చేస్తే అది బ్రెడ్ రుచి ఉన్న కేక్ అవుతుంది. ఇసబ్గోల్ పొట్టు పొడి కలిపితే జిగురు వచ్చి గ్లూటెన్ పని కొంత చేస్తుంది. జిగురు తెచ్చే మరో పొడి శాంతాన్ గమ్ అయితే కప్పు పిండికి పావు నుంచి అర టీస్పూన్. గ్లూటెన్ పొడి వేస్తే అన్నిటికంటే బాగా పొంగుతుంది కానీ గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్నవాళ్లు దాని వంక చూడకూడదు. ఓట్స్ పీచు, ఓట్స్ పిండి ఒకటేననుకుని పొరబడేవారున్నారు. మొదటిది పొట్టు నుంచి తీసిన పీచు. రెండోదానిలో 100 గ్రాములకు 65 గ్రాములకు పైగా కార్బోహైడ్రేట్లున్నాయి. ఈస్ట్‌కు తినడానికి ఏదో ఒకటి కావాలి, ఎరిథ్రిటాల్ దానికి అరగదు. టీస్పూన్ చక్కెర వేయండి, భయం లేదు, చాలావరకు ఈస్టే తినేస్తుంది.

ఇసబ్గోల్ గురించి కొన్ని జాగ్రత్తలు. దీనితో చేసిన బ్రెడ్ తిన్నప్పుడు నీళ్లు బాగా తాగాలి. మింగడంలో ఇబ్బంది, అన్నవాహిక ఇరుకుగా ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. ఇది మందులు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి మాత్రలకూ ఆ బ్రెడ్‌కూ మధ్య కనీసం 2 గంటలు, థైరాయిడ్ మాత్రకైతే 4 గంటలు ఎడం ఉంచండి.

బాదం లాంటి గింజలు పడనివారు పొద్దుతిరుగుడు గింజల పిండి వాడతారు. బేకింగ్ సోడాతో కలిసి కేక్ లోపల ఆకుపచ్చగా మారితే బూజు పట్టిందని పారేయకండి. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం చేసే చోద్యం అది, హాని లేదు. కాస్త నిమ్మరసం పిండితే తగ్గుతుంది.

తీపి విషయానికొద్దాం. చక్కెర తీపినివ్వడమే కాదు, తేమను పట్టి ఉంచుతుంది, పైన గోధుమరంగు తెస్తుంది. స్టీవియా చుక్కలు వేస్తే తీపి వస్తుంది, మిగతావి రావు. ఎరిథ్రిటాల్ తీపి చక్కెరలో 70 శాతం లోపే. చాలావరకు అరగకుండా మూత్రంలో పోతుంది, షుగర్ పెంచదు, మాల్టిటాల్ అంతగా పేగుల్నీ బాధించదు. కాకపోతే నాలుకపై చల్లగా తగులుతుంది, చల్లారాక పలుకులు కడుతుంది. మెత్తగా పొడి చేసి వేస్తే కొంత నయం. అల్యులోజ్ దొరికితే అది చక్కెరలాగే తేమనిస్తుంది, రంగు తెస్తుంది. కొంచెం తొందరగానే తెస్తుంది, కనిపెట్టుకుని ఉండాలి. అన్ని దేశాల్లోనూ దీనికి అనుమతి లేదు.

సుక్రలోజ్‌ను నేను బేకింగ్‌కు సూచించను. ఆహార భద్రత చూసే జర్మనీ ప్రభుత్వ సంస్థ 2019లో, దాన్ని 120 డిగ్రీలు మించి వేడి చేస్తే హానికర పదార్థాలు ఏర్పడే అవకాశముందని హెచ్చరించింది. కేక్ మధ్యభాగం 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కానీ పైపెంకు అంతకు మించి కాలుతుంది. పైగా కప్పుతో కొలిచి వేసుకునే రకాల్లో పరిమాణం కోసం మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది అచ్చంగా గ్లూకోజ్ గొలుసే.

ఎరిథ్రిటాల్‌కు గుండెపోటుతో సంబంధముందని మీరూ వినే ఉంటారు. 2023లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధనలో, రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చినట్టు తేలింది. అయితే మన ఒళ్లు కూడా కొంత ఎరిథ్రిటాల్‌ను తయారుచేసుకుంటుంది. కాబట్టి తిన్నదే కారణమని దాన్నిబట్టి తేల్చలేం. స్టెంట్ పడినవారికి, పక్షవాతం వచ్చి తగ్గినవారికి నేను రోజూ వద్దనే చెబుతున్నాను. ఎప్పుడో ఓ ముక్కకు భయపడక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగనిది. నాకైతే మీ ఉత్తరంలో కేక్ కంటే మందుల పేర్లే ఎక్కువ కలవరపెట్టాయి. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఒక్కసారిగా కార్బోహైడ్రేట్లు తగ్గిస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి అనిపిస్తే వెంటనే పరీక్షించి, 15 గ్రాముల చక్కెర, అంటే 3 నుంచి 4 టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఆ సమయంలో మీరు చేసిన లో-కార్బ్ కేక్ ఎందుకూ కొరగాదు. ఎరిథ్రిటాల్ నీళ్లయితే ఉత్త నీళ్లతో సమానం. ఇంట్లో చక్కెర పూర్తిగా తీసేసి డబ్బాలో స్వీట్‌నర్ నింపుకున్నవారికి నేను మొదట చెప్పేది, అసలు చక్కెర ఓ చిన్న సీసాలో పేరు రాసి మంచం పక్కన పెట్టుకోమని.

డాపాగ్లిఫ్లోజిన్‌తో ఇంకో చిక్కు. ఈ మందు గ్లూకోజును మూత్రంలో పంపేస్తుంది. దీనికి తోడు కార్బోహైడ్రేట్లు బాగా తగ్గిస్తే ఒళ్లు కొవ్వు కరిగించి కీటోన్లు అనే ఆమ్లాలను పేర్చుకుంటుంది. వాటివల్ల రక్తం ఆమ్లమయమయ్యే కీటోఅసిడోసిస్ అనే ప్రమాదం రావచ్చు, అదీ షుగర్ 250 కూడా దాటకుండానే. మీటర్ మామూలుగా ఉందని ఇంట్లో ఉండిపోతారు, అక్కడే మోసం జరుగుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, లేవలేని నీరసం వస్తే ఆ మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లి కీటోన్ పరీక్ష చేయించుకోండి. ఈ మాత్ర వాడుతున్నట్టు అక్కడ ముందే చెప్పండి. సాయంత్రం ఓ ముక్క కేక్ మార్చుకోవడం వేరు, మూడు పూటలా లో-కార్బ్‌కు మారడం వేరు. రెండోది చేయాలనుకుంటే ముందుగా మీ డాక్టరును కలవండి. గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు, డాపాగ్లిఫ్లోజిన్ ఆపాల్సి రావచ్చు. సొంతంగా మాత్రం మార్చుకోకండి.

కొత్త వంటకం చేసిన ప్రతిసారీ తినే ముందు, తిన్న 2 గంటలకు, ఆపైన 4 గంటలకు షుగర్ చూసి రాసిపెట్టుకోండి. బాదం పిండి, వెన్న ఉన్న వంటల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి షుగర్ నెమ్మదిగా, ఆలస్యంగా పెరుగుతుంది. 2 గంటలకే చూసి సంబరపడితే లెక్క తప్పుతుంది.

లేబుల్ చదవడంలోనూ ఓ తిరకాసుంది. అమెరికా లేబుళ్లలో మొత్తం కార్బోహైడ్రేట్లలో పీచు కలిసే ఉంటుంది, యూరప్ లేబుళ్లలో ముందే తీసేసి చూపిస్తారు. రెండో రకం ప్యాకెట్ మీద మీరు మళ్లీ పీచు తీసేస్తే ఉన్నదాని కంటే తక్కువ వస్తుంది. ‘నెట్ కార్బ్స్ (పీచు, షుగర్ ఆల్కహాల్ తీసేసి చూపే లెక్క) 2 గ్రాములు’ అని పెద్దక్షరాల్లో ఉంటే, దాన్ని వదిలేసి వెనకవైపు మాల్టిటాల్ పేరుందేమో వెతకండి.

మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లున్నవారు రోజూ బాదం పిండి తినకూడదు. కిడ్నీ పనితీరు తగ్గినవారు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగాలి. బీపీ ఉంటే బేకింగ్ సోడాను లెక్కలోకి తీసుకోండి, టీస్పూన్‌లో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది.

మీ మనవరాలికి మధుమేహం లేదు కదా. ఆమెకు లో-కార్బ్ అవసరమే లేదు. ఆరేళ్ల పిల్లకు మీరు పడ్డ రాత్రి బాధ ఒక్క ముక్కతోనే రావచ్చు. ఆ అమ్మాయికి మైదా, చక్కెరతో మామూలు కేకే చిన్నది చేసిపెట్టండి. మీ కుక్కకు మాత్రం ఏ కేకూ వద్దు. ముఖ్యంగా జైలిటాల్ వేసినది నేల మీద చిన్న ముక్క కూడా పడనివ్వకండి. మనుషులు వాడే ఆ తీపి కుక్కల్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి షుగర్ పడేస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. పొరపాటున తింటే లక్షణాల కోసం చూడకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.