రెండో సైకిలా, ఇంకో జత చక్రాలా?

ప్రశ్న: నా దగ్గర ఒక గ్రావెల్ సైకిల్ ఉంది. వారాంతాల్లో మట్టిదారుల్లో తొక్కుతాను. వారంలో రెండు మూడు రోజులు పొద్దున్నే స్నేహితులతో తారురోడ్డు మీద వెళ్తాను. లావు టైర్లతో వాళ్లను అందుకోలేకపోతున్నాను, ప్రతిసారీ టైర్లు మార్చాలంటే విసుగ్గా ఉంది. ఈమధ్య వచ్చిన బోనస్‌తో ఇంకో జత మంచి చక్రాలు కొనుక్కోవచ్చు. రోడ్డు సైకిలే కొనాలంటే సగం డబ్బుకు ఈఎంఐ పెట్టుకోవాలి. అప్పుడప్పుడూ ఆఫీసుకు కూడా సైకిల్ మీదే వెళ్లాలని ఉంది. ఏది మేలు?

జవాబు: మీరు రాసిన ఇబ్బంది అంతా టైర్ల గురించే. కూర్చునే తీరు కుదరడం లేదనో, నడుము నొప్పి వస్తోందనో, గేర్లు చాలడం లేదనో మీరెక్కడా అనలేదు. అందుకే సూటిగా చెబుతున్నాను: చక్రాలు కొనండి, ఈఎంఐ జోలికి పోకండి. అయితే బోనస్ మొత్తం ఖర్చయ్యేంత ఖరీదైన చక్రాలు మాత్రం ఎంచుకోకండి.

షాపులో చక్రాల ధర అని చెప్పేది సాధారణంగా రిమ్ములు, హబ్బులు (చక్రం నడిమి భాగాలు), స్పోకుల వరకే. ఆపైన టైర్లు, ట్యూబులు కొనాలి. వెనక చక్రానికి క్యాసెట్, అంటే గేర్ల పళ్ల చక్రాల గుత్తి కావాలి. డిస్క్ బ్రేకులుంటే రెండు రోటర్లు, అంటే బ్రేకు ప్యాడ్లు పట్టుకునే లోహపు పళ్లేలు కావాలి. పాత చక్రానికి ఉన్న క్యాసెట్‌నే విప్పి దీనికి బిగించుకుందాంలే అని చాలామంది అక్కడ ఖర్చు తగ్గించుకుంటారు. అలా చేస్తే టైర్లు మార్చే శ్రమ పోయి క్యాసెట్ మార్చే శ్రమ వచ్చి పడుతుంది. కొన్నాళ్లకు ఓపిక నశించి కొత్త చక్రాలు మూలన పడతాయి. ఒక చక్రం తీసి ఇంకోటి పెట్టి ఐదు నిమిషాల్లో బయల్దేరగలిగితేనే ఈ ఖర్చుకు ఫలితం. కాబట్టి ఈ సామాన్లన్నీ కలిపి లెక్క వేసుకున్నాకే చక్రాలకు ఎంత పెట్టాలో తేల్చుకోండి.

చైన్ సంగతి కూడా చూసుకోవాలి. బాగా అరిగిన చైన్ కొత్త క్యాసెట్ పళ్ల మీద నిలవక జారిపోతుంది. కొత్త చక్రాలు బిగించే ముందు చైన్ ఎంత సాగిందో కొలిపించండి. 11, 12 స్పీడ్ (వెనక 11, 12 గేర్లుండే) చైన్లయితే 0.5 శాతం సాగగానే మార్చేయడం మంచిది. చైన్ మార్చాక అది పాత క్యాసెట్ మీద జారితే ఆ క్యాసెట్ కూడా అరిగిపోయినట్టే. అప్పుడు దాని ఖర్చు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

డబ్బు కట్టే ముందు కొలతలు సరిచూసుకోండి. ఇప్పటి డిస్క్ బ్రేకుల గ్రావెల్, రోడ్డు సైకిళ్లలో ఎక్కువగా ముందు 12×100, వెనక 12×142 మిల్లీమీటర్ల (మందం × హబ్ వెడల్పు) యాక్సిల్, అంటే ఇరుసు ఉంటుంది. మీదీ అదేనా, హబ్ మీద మీ క్యాసెట్ రకం కూర్చుంటుందా, రోటర్ల వ్యాసం పాతవాటితో సమానమా అన్నవి చూడాలి. ఇవన్నీ కలిసినా ఒక్కోసారి చక్రం మార్చగానే రోటర్ ప్యాడ్‌కు రాసుకుంటుంది. హబ్బుల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు. రోటర్ వెనక పల్చటి షిమ్ (వాషర్ లాంటి రేకు) వేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక రెండో సైకిల్. దాని బిల్లు కొన్న రోజుతో అయిపోదు. రెండో చైన్, రెండో జత బ్రేకు ప్యాడ్లు, రెండో సర్వీసింగ్, పెడళ్లు, లైట్లు, తాళం, పెట్టుకోవడానికి చోటు. దానికి తోడు వడ్డీ. ఏడాదికి 12 శాతం వడ్డీతో రెండేళ్ల ఈఎంఐ తీసుకుంటే, అప్పు చేసిన ప్రతి 100కి దాదాపు 13 అదనంగా కడతారు. ఆ రెండేళ్లలో సైకిల్ విలువ పడిపోతూనే ఉంటుంది. వడ్డీ లేని ఈఎంఐ అంటే కూడా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి. వడ్డీ అక్కడ దాక్కుని ఉండొచ్చు. సరదా కోసం చేసే పనికి నెలనెలా టెన్షన్ ఎందుకు పెట్టుకోవాలి?

చక్రాలు తీర్చలేని అవసరం ఒకటి మీ ప్రశ్న చివర్లోనే ఉంది, ఆఫీసు. అక్కడ సైకిల్‌ను గంటల తరబడి బయట తాళం వేసి వదలాలి. మంచి గ్రావెల్ సైకిల్‌ను, దానికి ఖరీదైన చక్రాలు బిగించి, అలా వదిలితే మీ మనసంతా దాని మీదే ఉంటుంది. ఆఫీసుకైతే మడ్‌గార్డులు, క్యారియర్ ఉన్న మామూలు సెకండ్‌హ్యాండ్ సైకిల్ చాలు. గ్రావెల్ సైకిల్ రిపేరుకు వెళ్లినప్పుడు మీకు బదులు సైకిల్ కూడా అదే అవుతుంది. మీకు నిజంగా రెండో సైకిల్ కావాలంటే అది ఇదే, రోడ్డు సైకిల్ కాదు. కాకపోతే ఇప్పుడే కొనకండి. ముందు కొన్ని వారాలు ఎవరి దగ్గరైనా పాత సైకిల్ అడిగి తీసుకుని ఆఫీసుకు వెళ్లి చూడండి. నిజంగా అలవాటైతే నగదు పెట్టి కొనండి.

అత్యవసరాలకు కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే బోనస్‌లోంచి ముందు అది తీసి పెట్టండి. చక్రాలకు మిగిలింది చాలకపోతే, ప్రస్తుతానికి తారుకూ మట్టికీ పనికొచ్చే, మధ్యలో నున్నగా అంచుల్లో గరుకుగా ఉండే టైర్లు ఒక జత వేయించుకోండి. స్నేహితులను అందుకోవడానికి అదే చాలునేమో కూడా తెలిసిపోతుంది.